కొలవకుండా ‘పరిమితుల్లోనే ఉంది’ అంటే ఒప్పుకోం

‘అంతా పరిమితుల్లోనే ఉంది. భయపడాల్సిన పని లేదు.’

యురేనియం మాట వచ్చిన ప్రతి సభలోనూ మనం వినే జవాబు ఇది. వినీ వినీ మనకు కంఠతా వచ్చేసింది. ఈసారి ఆ మాట అనేవాళ్లను మేం మూడు ప్రశ్నలు అడుగుతున్నాం. ఏ జీవిలో కొలిచారు? అది ఏ నేల మీద మేసిన జీవి? కొలిచిన అంకెల్ని ఏ పంచాయతీ గోడకు అంటించారు?

నీళ్లు కొలిచామంటారు, గాలి కొలిచామంటారు. మంచిదే. కానీ నేలలో ఉన్న రేడియోధార్మిక పదార్థం గడ్డిలోకి ఎంత ఎక్కుతుంది? గడ్డి నుంచి కుందేలులోకి, జింకలోకి ఎంత పోతుంది? చెరువు నీళ్ల నుంచి చేపలోకి, చేప నుంచి కొంగలోకి ఎంత చేరుతుంది? ఇది తేల్చకుండా ‘పరిమితి’ అనే మాటకు అర్థం లేదు. అడవి జంతువుల గొడవ రైతుకెందుకని ఎవరైనా అడగొచ్చు. కుందేలు మేసే గట్టు మీదే మన మేక మేస్తుంది. జింక తాగే వంకలోనే మన గొర్రె తాగుతుంది. అడవి జీవి ఒంట్లో ఉన్నది రేపు మన జీవాల ఒంట్లో, ఎల్లుండి మన పిల్లల పాలగ్లాసులో తేలుతుంది. అందుకే ఇది రైతు సంఘం మాట్లాడాల్సిన విషయం.

మన ముంగిట్లో ఉన్నది ఏమిటి

కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని, శుద్ధి కర్మాగారం ఉన్నాయి. 2007లో శంకుస్థాపన జరిగింది, 2012లో కర్మాగారం మొదలైంది. రోజుకు 3,000 టన్నుల రాయిని నలగ్గొట్టే సామర్థ్యంతో కట్టారు. అక్కడి రాయిలో యురేనియం చాలా తక్కువ. వెయ్యి కిలోల రాయిలో అర కిలో కూడా ఉండదు. అంటే తవ్విన రాయి దాదాపు మొత్తం బురదగా మారి టెయిలింగ్ పాండ్‌కు చేరుతుంది.

ఇక్కడ ఒక విషయం అందరికీ తెలియాలి. రాయి నుంచి యురేనియం తీసేశాక మిగిలిన బురదలో విషం పోయిందని అనుకుంటాం. అది తప్పు. యురేనియం కాలక్రమంలో థోరియంగా, రేడియంగా, పొలోనియంగా మారుతూ వస్తుంది. ఆ సంతానమంతా బురదలోనే ఉండిపోతుంది. రాయిలో మొదట ఉన్న రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం వ్యర్థాల్లోనే మిగులుతుంది. అందులోని రేడియం సగానికి తగ్గాలంటే 1,600 ఏళ్లు పడుతుంది. థోరియం-230 సగానికి తగ్గాలంటే 75,000 ఏళ్లు. గని మూతపడుతుంది, కంపెనీ వెళ్లిపోతుంది. బురద గుంట మాత్రం మన మునిమనవల మునిమనవలకూ పొరుగు.

బోర్ల నీళ్లు మారిపోయాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని ఆ ఊళ్ల రైతులు చెబుతూ వచ్చారు. ఆ రాళ్లలో యురేనియం సహజంగానే ఉందని అవతలివాళ్లు చెబుతూ వచ్చారు. ఈ తగవు మాటలతో తెగేది కాదు. తెగాల్సింది కొలతతో.

నేల నుంచి ఒంట్లోకి

ఈ కొలతకు శాస్త్రవేత్తలు వాడే పద్ధతి మనకు అర్థం కానంత కష్టమైనదేమీ కాదు. నేలలో కిలోకు ఎన్ని బెకరల్ ఉన్నాయో కొలుస్తారు. ఆ నేల మీద బతికే జీవి ఒంట్లో కిలోకు ఎన్ని బెకరల్ ఉన్నాయో కొలుస్తారు. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తారు. నేలలో 100, కుందేలులో 2 ఉన్నాయనుకుందాం. నిష్పత్తి 0.02. దీన్ని మనం బదిలీ నిష్పత్తి అందాం. ఒకసారి ఈ అంకె తెలిస్తే, నేలను కొలిచి జీవి ఒంట్లో ఎంత ఉంటుందో లెక్కగట్టొచ్చు.

చిక్కల్లా ఆ అంకె దగ్గరే ఉంది. ఒక్కో పదార్థానికి ఒక్కో దారి. సీజియం పొటాషియంలాగా నడిచి కండలోకి పోతుంది. రేడియం కాల్షియంలాగా నడిచి ఎముకలోకి, గుడ్డు పెంకులోకి పోతుంది. పొలోనియం కాలేయంలో, మూత్రపిండాల్లో చేరుతుంది. యురేనియం ఎముకలో, మూత్రపిండాల్లో చేరుతుంది. కాబట్టి మాంసం ఒక్కటే కొలిచి ‘ఏమీ లేదు’ అంటే అది సగం లెక్క. ఎముక ఏదీ? కాలేయం ఏదీ?

నేలను బట్టి కూడా అంకె మారుతుంది. ఒకే పదార్థం బంక నేలలో ఒకలాగా, ఇసుక నేలలో ఇంకోలాగా, సున్నపు నేలలో మరోలాగా ప్రవర్తిస్తుంది. కార్బొనేట్ ఉన్న క్షార నీళ్లలో యురేనియం తేలిగ్గా కరిగి కదులుతుంది. తుమ్మలపల్లె ఖనిజం ఉన్నది సున్నం కలిసిన డోలమైట్ రాతిలోనే. అక్కడ శుద్ధి చేసేది కూడా క్షార పద్ధతిలోనే. ఇలాంటి చోట ఇంకెక్కడో పుట్టిన అంకె తెచ్చి లెక్కలు కడితే నమ్మడం ఎలా?

అప్పు తెచ్చిన అంకెలు

లెక్కలు కట్టేది మాత్రం చాలావరకు అలాగే.

చాలా కాలం ప్రపంచమంతటా ఒకే వాదం నడిచింది. మనిషికి రక్షణ ఉంటే మిగతా జీవులకూ ఉన్నట్టేనని అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ చెబుతూ వచ్చింది. మనిషి అడుగు పెట్టని చోట కప్ప బతుకు ఏమిటో ఆ వాదం అడగలేదు. 2007 నాటి సిఫార్సుల్లో ఆ కమిషన్ పర్యావరణ రక్షణను విడిగా చేర్చింది. 2008లో నమూనాగా 12 రకాల జీవులను ఎంచింది. జింక, ఎలుక, బాతు, కప్ప, ట్రౌట్ చేప, అడుగున బతికే సముద్రపు చేప, తేనెటీగ, పీత, వానపాము, పైన్ చెట్టు, అడవి గడ్డి, సముద్రపు నాచు. 2014లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అడవి జీవుల బదిలీ నిష్పత్తులన్నీ పోగుచేసి ఒక పుస్తకం తెచ్చింది.

ఆ పని చేసినవాళ్లను మేం తప్పుపట్టడం లేదు. ఉన్న కొలతలన్నీ ఒకచోట చేర్చారు. కానీ ఆ కొలతల్లో పెద్ద వాటా చల్లటి దేశాలది. ఎండ మండే నేలల కొలతలు తక్కువ. ఒక జీవికి అంకె లేకపోతే దానికి దగ్గరగా ఉన్న ఇంకో జీవి అంకె తెచ్చి పెడతారు. ఒక మూలకానికి లేకపోతే దానిలాంటి ఇంకో మూలకం అంకె తెచ్చి పెడతారు. దిక్కులేనప్పుడు ఇది తప్పదని వాళ్లే చెబుతారు. ఒకే జీవికి, ఒకే పదార్థానికి కూడా చోటు మారితే అంకె పదింతలు, వందింతలు తేడా రావచ్చు.

అప్పు సంగతి రైతుకు ఎవరూ నేర్పనక్కర్లేదు. అప్పు తెచ్చిన డబ్బు సొంత డబ్బు కాదు. అప్పు తెచ్చిన అంకె కూడా మన నేల అంకె కాదు. దాని మీద కట్టిన ‘పరిమితుల్లోనే ఉంది’ అనే మేడలో మన పిల్లల్ని కాపురం ఉండమంటే ఉండం.

గొర్రెల కాపరులు చెప్పింది ఎవరూ వినలేదు

అప్పు తెచ్చిన అంకె ఏం చేస్తుందో తెలుసుకోవాలంటే ఇంగ్లండ్, వేల్స్ గొర్రెల రైతుల కథ వినాలి.

1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ అణు రియాక్టరు పేలింది. అక్కడికి రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న కంబ్రియా, ఉత్తర వేల్స్ కొండల మీద మే మొదట్లో పెద్ద వానలు పడ్డాయి. ఆ వానతోపాటు సీజియం దిగింది. జూన్‌లో ప్రభుత్వం గొర్రెల అమ్మకాన్ని, కోతను ఆపేసింది. మూడు వారాల్లో అంతా సర్దుకుంటుందని చెప్పింది.

మూడు వారాలు కాదు, 26 ఏళ్లు పట్టింది. బ్రిటన్ మొత్తం మీద తొమ్మిది వేలకు పైగా ఫారాలు, 40 లక్షలకు పైగా గొర్రెలు ఆ ఆంక్షల కిందకు వచ్చాయి. చివరి ఆంక్షలు ఎత్తేసింది 2012లో. అప్పటికీ 300కు పైగా ఫారాలు మిగిలే ఉన్నాయి.

ఎందుకు తప్పింది లెక్క? పల్లపు బంక నేలలో సీజియం మట్టికి గట్టిగా అతుక్కుంటుంది, గడ్డిలోకి ఎక్కదు. శాస్త్రవేత్తలు ఆ నేలల అనుభవంతో లెక్క వేశారు. కొండ మీద ఉన్నది పులిసిన ఆకు మట్టి. అక్కడ సీజియం అతుక్కోలేదు. ఏటేటా గడ్డిలోకి, పొదల్లోకి ఎక్కుతూ, గొర్రెలోకి దిగుతూ పోయింది. నేల మారింది, అంకె మారింది. లెక్క మాత్రం పాతదే.

ఇంకో సంగతి వినండి. మట్టిలో బెంటొనైట్ చల్లితే సీజియం తగ్గుతుందేమో చూడాలని కంచెలు వేసి అందులో గొర్రెల్ని మేపారు. కొండ గొర్రె విశాలంగా తిరిగి మేసేదని, కంచెలో పెడితే చిక్కిపోతుందని, ఆ కొలత చెల్లదని రైతులు ముందే చెప్పారు. ఎవరూ వినలేదు. చివరికి ఆ ప్రయోగాలను మధ్యలోనే వదిలేశారు. ఈ కథంతా బ్రయాన్ విన్ అనే పరిశోధకుడు ఆ రైతులతో మాట్లాడి రాశాడు కాబట్టి ఇవాళ మనకు తెలుస్తోంది.

కంబ్రియా రైతులకు ఇంకో అనుమానం ఉండేది. వాళ్ల పక్కనే సెల్లాఫీల్డ్ అణు కేంద్రం ఉంది. 1957లో అక్కడ రియాక్టరుకు నిప్పు అంటుకుంది. దాదాపు 500 చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో పాలు పారబోశారు. ‘ఇదంతా చెర్నోబిల్‌దేనా, లేక ముందు నుంచే మా నేలలో ఉన్నదా?’ అని రైతులు అడిగారు. ముందు నుంచీ కొండ గొర్రెల్ని సరిగా కొలిచి, ఆ అంకెలు రైతుల ముందు పెట్టి ఉంటే ఆ ప్రశ్నకు ఒక్క రోజులో జవాబు దొరికేది. మనకు ఇక్కడే పాఠం ఉంది. ముందు కొలత లేనివాడికి తర్వాత న్యాయం లేదు.

ఒకే అడవి, వేరువేరు అంకెలు

జర్మనీలోని బవేరియా అడవుల్లో ఏళ్లు గడిచేకొద్దీ జింకల్లో సీజియం తగ్గింది. అడవి పందుల్లో తగ్గలేదు. చాలా పందుల మాంసం ఇప్పటికీ కిలోకు 600 బెకరల్ పరిమితి దాటుతోంది. కారణం, అవి భూమిలో పెరిగే ఒక రకం పుట్టగొడుగును తవ్వుకుని తింటాయి. సీజియం మెల్లగా నేలలోకి దిగి ఆ పుట్టగొడుగుల్లో చేరింది. అందులో కొంత చెర్నోబిల్‌ది కూడా కాదని, అంతకు ముందటి అణుబాంబు పరీక్షల నాటిదని 2023లో తేలింది. జింకను ఒక్కదాన్ని కొలిచి ‘అడవి బాగుంది’ అనుకుని ఉంటే ఇది ఎప్పటికీ తెలిసేది కాదు.

నార్వేలో రెయిన్‌డీర్లు చలికాలమంతా రాతి నాచు మేస్తాయి. నాచు గాలిలోంచి పడినదాన్ని పీల్చి దాచుకుంటుంది. వాటి మాంసంలో సీజియం ఎంత పెరిగిందంటే, 1986 నవంబరులో ప్రభుత్వం ఆ మాంసానికి పరిమితినే 6,000 బెకరల్‌కు పెంచేసింది. అయితే అక్కడి ప్రభుత్వం ఇంకో పని కూడా చేసింది. బతికున్న జంతువు ఒంటి మీదే మీటరు పెట్టి కొలిచే ఏర్పాటు చేసింది. సీజియాన్ని కడుపులోనే పట్టుకునే మందు మేతలో ఇచ్చింది. కొలిచారు కాబట్టే చేయగలిగారు. అలాగే పరిమితి ఆకాశం నుంచి ఊడిపడదని, మనుషులు కూర్చుని రాసేదని, అవసరమైతే పెంచేదని కూడా అక్కడే చూశాం. మన దగ్గరే చూడండి. తాగునీటిలో యురేనియానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది లీటరుకు 30 మైక్రోగ్రాములు. మన అణుశక్తి నియంత్రణ బోర్డు పెట్టుకున్నది 60. ‘పరిమితుల్లోనే ఉంది’ అంటే ఏ పరిమితి?

అభ్యంతరాలకు మా జవాబు

‘ఆ రాళ్లలో యురేనియం సహజంగానే ఉంది’ అంటారు. నిజమే. డీఏపీలాంటి ఫాస్ఫేటు ఎరువుల్లో కూడా కొంత ఉంటుంది. అందుకే గని పక్క ఊళ్లతోపాటు అదే రకం రాయి, అదే రకం పంట ఉండి గని లేని ఊళ్లలో కూడా కొలవమంటున్నాం. రెండూ పక్కపక్కన పెడితే ఏది నేలది, ఏది గనిది తెలుస్తుంది. సహజమని నమ్మేవాళ్లకు ఈ కొలత అంటే భయమెందుకు?

‘కొలిచే సంస్థలు ఉన్నాయి కదా’ అంటారు. తవ్వే సంస్థా, గని చుట్టూ కొలిచే సంస్థా రెండూ అణుశక్తి శాఖ కిందివే. అణుశక్తి నియంత్రణ బోర్డుకు తగిన స్వతంత్రత లేదని 2012లో కాగ్ నివేదిక ఎత్తి చూపింది. కాటా వ్యాపారిది, తూకం వ్యాపారిది, ధర వ్యాపారిది అయినప్పుడు మార్కెట్ యార్డులో మనం ఏమంటామో ఇక్కడా అదే అంటున్నాం.

మూడో అభ్యంతరం బయటివాళ్లది కాదు, మనవాళ్లదే. ‘కొలిచి, ఏదో ఉందని తేలితే మా అరటిని, చీనీని ఎవరు కొంటారు? మా జీవాల్ని సంతలో ఎవరు అడుగుతారు?’ ఈ భయం న్యాయమైనదే. దాన్ని మేం తీసిపారేయం. కానీ పుకారుకు ప్రయోగశాల అక్కర్లేదు. ‘అది యురేనియం ఊరి కాయ’ అని దళారి ధర తెగ్గోస్తే, కాదని చూపడానికి మన చేతిలో ఇవాళ ఏ కాగితమూ లేదు. కొలతలో ఏమీ లేదని తేలితే ఆ కాగితమే మన సరుకుకు రక్ష. ఉందని తేలితే ఆ కాగితమే మన పరిహారానికి ఆధారం. వేల్స్ రైతులకు గొర్రెకు పౌనున్నర లోపే ఇచ్చారు. ఏళ్ల తరబడి దాన్ని పెంచలేదు. అదైనా వచ్చిందంటే గొర్రె గొర్రెనూ కొలిచి రాసిన లెక్క ఉంది కాబట్టి.

మన వైపు నుంచి కూడా ఒక మాట చెప్పుకోవాలి. చచ్చిన ప్రతి గొర్రెనూ, ఎండిన ప్రతి చెట్టునూ యురేనియం ఖాతాలో రాస్తే మన మాటకు విలువ పోతుంది. కొలవమని వాళ్లను అడిగే మనం, కొలవకుండా తీర్పు చెప్పకూడదు.

ఊరి కన్ను కూడా కావాలి

కొలవాలంటే అడవి జంతువుల్ని చంపాల్సిన పని లేదు. అటవీ శాఖ అనుమతి లేకుండా వన్యప్రాణిని ముట్టుకోవడం నేరం కూడా. రాలిన ఈక, పెంట, పుట్టతేనె, పొదిగాక మిగిలిన గుడ్డు పెంకు, రోడ్డు మీద బండి కింద పడి చచ్చిన కుందేలు కళేబరం చాలా చెబుతాయి. వానపాము, చెదలు, కప్ప, చెరువు చేప ఇంకా ఎక్కువ చెబుతాయి. కోతకు పోయిన మేక ఎముక, కాలేయం మన చేతిలోనే ఉంటాయి.

కడప జిల్లాలోనే లంకమల అడవుల్లో కలివికోడి ఉంది. 1900 తర్వాత ఎవరూ చూడలేదు, అంతరించిపోయిందనుకున్న పక్షి. 1986 జనవరిలో మళ్లీ బయటపడింది. దాన్ని పట్టిచ్చింది ఆ చుట్టుపక్కల ఊరి మనిషే. అంత అరుదైన పక్షిని కొలతకని ఎవరూ ముట్టుకోలేరు. కానీ అది తినే చెదల్ని, చీమల్ని కొలవొచ్చు. అవి ఏ పుట్టలో ఉంటాయో ఊరివాళ్లకే తెలుసు. ఏ జీవి ఎక్కడ మేస్తుంది, ఏ నెలలో ఏ వంక తాగుతుంది, ఏ చెట్టు కింద పడుకుంటుంది అన్నది గొర్రెల కాపరికి, చెంచు సోదరుడికి తెలిసినంత ఏ ఆఫీసుకూ తెలియదు. వాళ్లను కూలికి పిలవడం కాదు, కొలత ఎలా జరగాలో తేల్చే బల్ల దగ్గర కూర్చోబెట్టాలి.

ఇది ఒక్క తుమ్మలపల్లె సంగతి కాదు. 2019లో నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అన్వేషణ ప్రతిపాదన వస్తే జనం లేచారు, తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. 2024లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవి కోసం చుట్టుపక్కల ఊళ్లు రోడ్డెక్కాయి. ఇవాళ ఆగినవి రేపు మళ్లీ రావచ్చు. అవి వచ్చేలోపు ఆ అడవుల ‘ముందు కొలత’ మన చేతిలో ఉండాలి.

మా డిమాండ్లు

1. తుమ్మలపల్లె చుట్టూ, గని లేని పోలిక ఊళ్లలోనూ నేల, నీరు, మేత, అడవి జీవులు, పెంపుడు జీవాల్లో యురేనియం, రేడియం, పొలోనియం, సీసం-210 కొలవాలి. వానకాలం, ఎండకాలం రెండింటిలోనూ కొలవాలి.

2. మాంసంతోపాటు ఎముక, కాలేయం, పాలు, గుడ్డు పెంకు కూడా కొలవాలి.

3. అణుశక్తి శాఖ కింద లేని విశ్వవిద్యాలయాలకు, పశువైద్య కళాశాలకు ఈ పని అప్పగించాలి. ప్రతి నమూనాను మూడు భాగాలు చేసి ఒకటి పంచాయతీ సీలుతో భద్రపరచాలి.

4. అంకెలన్నీ తెలుగులో పంచాయతీ బోర్డు మీద పెట్టాలి. లెక్కలో ఏ అంకె మన నేలది, ఏది వేరే దేశం నుంచి తెచ్చుకున్నదో విడిగా రాయాలి.

5. ఈ కొలత పూర్తయ్యే వరకు గని విస్తరణ, కొత్త చోట్ల తవ్వకం ఆపాలి.

6. కొలతల వల్ల అమ్మకం ఆగిన రైతుకు, కాపరికి ఆ రోజు మార్కెట్ ధర ప్రకారం పరిహారం ఇచ్చేలా ముందే జీవో తేవాలి.

గ్రామ శాఖలు ఈ నెలలోనే ఈ ఆరు డిమాండ్లతో గ్రామసభ తీర్మానాలు చేయించండి. గని చుట్టుపక్కల ఊళ్ల శాఖలు ఒక నోటు పుస్తకం పెట్టండి. ఏ మంద ఏ చోట మేసింది, ఏ బోరు ఎప్పుడు రంగు మారింది, ఏ జీవి ఎప్పుడు ఎక్కడ చచ్చింది, తేదీతో రాయండి. కొలిచేవాళ్లు వచ్చిన రోజున మొదట తెరవాల్సింది ఆ పుస్తకాన్నే. వాళ్లు రాకపోతే, కలెక్టరాఫీసు మెట్ల మీద మనం తెరిచి చదివేదీ ఆ పుస్తకాన్నే.